పడిగె నుంచి యానిమేషన్ దాకా: ఖమ్మం–భద్రాచలం మన్యం సరిహద్దులో క్రిస్మస్ కాలపు బొమ్మ, పాట

వ్యాససంగ్రహం

క్రిస్మస్ కాలంలో కుటుంబమంతా కలిసి కదిలే బొమ్మలు చూడటం, పాటలు వినటం టెలివిజన్‌తో వచ్చిన అలవాటుగా కనిపిస్తుంది. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో దీనికి పూర్వరూపాలు ఉన్నాయి. కోయ డోలీల పడిగె, ముక్కోటి ఉత్సవం, తెలుగు క్రైస్తవ కీర్తన, మ్యాజిక్ లాంతరు, ‘కరుణామయుడు’ చలనచిత్రం, నేటి అనువాద యానిమేషన్ చిత్రాలు అనే వరుసలో ఈ వ్యాసం ఆ చరిత్రను పరిశీలిస్తుంది. బొమ్మ, పాట క్రమంగా తెలుగు రూపం పొందినా, కోయ కుటుంబం కోణం నుంచి చూస్తే తెలుగు రూపం పొందడమే సొంతం కావడం కాదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రిస్మస్, కోయ డోలీలు, పడిగె, దుమ్ముగూడెం, దోర్నకల్, క్రైస్తవ కీర్తన, కరుణామయుడు, యానిమేషన్, అనువాద గళం.

1. ఉపోద్ఘాతం

తెలుగు నేలపై క్రైస్తవ సంస్కృతిని గురించిన పరిశోధనలు ఎక్కువగా మిషనరీల విద్యాసేవ, నిఘంటు నిర్మాణం, బైబిలు అనువాదం, మతాంతరీకరణ, కులసంబంధాలు అనే అంశాల చుట్టూ సాగాయి. పండుగనాటి వినోదానికి వాటిలో దక్కిన చోటు తక్కువ. వినోదం తేలిక విషయమన్న భావన దీనికి ఒక కారణం కావచ్చు. కానీ ఒక సమాజం ఏ భాషలో నవ్వుతుందో, తన పిల్లలకు ఏ భాషలో కథ వినిపిస్తుందో, రాత్రివేళ ఎవరి బొమ్మ ముందు కూర్చుంటుందో తెలుసుకోకుండా ఆ సమాజపు సాంస్కృతిక చరిత్ర పూర్తి కాదు.

ఈ వ్యాసంలో వినోదం అనే మాటను మూడు అంశాల కలయికగా తీసుకోవడమైనది: కంటికి కనిపించే బొమ్మ, చెవికి వినిపించే గొంతు, ఆ రెంటి ముందు చేరే కూటమి. ఈ మూడూ ఒకేసారి మారవు. ఏది ముందు మారింది, ఏది నేటికీ మారలేదు అన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. ప్రాంతం, ఋతువు

భద్రాచలం ప్రాంతం పాలనాపరంగా పలుమార్లు చేతులు మారింది. 1860 నాటి ఒప్పందంతో గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి భూభాగాలను నిజాం ప్రభుత్వం బ్రిటిషువారికి అప్పగించింది. అవి మొదట మధ్యపరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరాయి. కుడిగట్టున పాల్వంచ, ఖమ్మం ప్రాంతాలు హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోయాయి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిశాయి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. సరిహద్దు గీత ఇన్నిసార్లు జరిగినా కోయ గూడేల బంధుత్వాలు మాత్రం ఏటికి ఇరువైపులా సాగుతూనే వచ్చాయి.

ఇక్కడ క్రిస్మస్ కాలం శూన్యంలోకి వచ్చిన ఋతువు కాదు. భద్రాచల సీతారామస్వామి ఆలయంలో ముక్కోటి ఏకాదశికి ముందు అధ్యయనోత్సవాలు జరుగుతాయి. స్వామి రోజుకొక అవతారంలో, మత్స్యంగా, కూర్మంగా, వరాహంగా, నరసింహుడిగా అలంకృతుడై దర్శనమిస్తాడు. ఏకాదశి ముందునాటి సాయంత్రం గోదావరిలో తెప్పోత్సవం, మర్నాటి తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనం. చాంద్రమానాన్ని బట్టి ఈ ఉత్సవం డిసెంబరు, జనవరి నెలల మధ్య పడుతుంది. 2023లో ముక్కోటి డిసెంబరు 23న వచ్చింది, అంటే క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు. చలి రాత్రి, దీపాలు, పాట, రోజుకొక రూపంలో సాగే కథ: ఈ సామగ్రి అంతా క్రిస్మస్ రాకకు పూర్వమే ఈ ఋతువులో ఉన్నది.

3. పడిగె: తెరకు ముందు తెర

మిషనరీలు గిరిజనులకు బొమ్మల ద్వారా కథ చెప్పడం నేర్పారన్న అభిప్రాయం ఈ ప్రాంతం విషయంలో నిలవదు. కోయల వంశచరిత్రలను గానం చేసే డోలీలు పడిగె అనే త్రికోణాకారపు గుడ్డజెండా సాయంతో కథ చెబుతారు. ఆ గుడ్డపై గోత్ర మూలపురుషులు, వేల్పులు, జంతువులు బొమ్మలుగా ఉంటాయి. గాయకుడు బొమ్మను ఆశ్రయించి గతాన్ని పాడతాడు. డోలు, కంచుతాళం ఆ పాటను నడుపుతాయి. వేల్పుల కొలుపులో పడిగె పూజావస్తువు, చరిత్రపత్రం, దృశ్యకథ ఒక్కటిగా ఉంటాయి.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించడంతో ఈ సంప్రదాయం దేశం దృష్టికి వచ్చింది. సమ్మక్క, పగిడిద్దరాజు వంటి వీరుల కథలను ఆయన మౌఖికంగా గానం చేసేవారు. ఈ వ్యాసానికి పడిగెతో ఉన్న పని వేరు. పడిగెలోని బొమ్మ కదలదు, పాటే దాన్ని కదిలిస్తుంది. నిశ్చలచిత్రానికి ప్రాణం పోయడం అన్నదే యానిమేషన్ మాటకు మూలార్థమైతే, ఆ పనిని డోలి తన గొంతుతో చేస్తున్నాడు. అంతకంటే ముఖ్యమైనది, చూసేవారికీ బొమ్మకూ ఉన్న సంబంధం. పడిగె ముందు కూర్చున్న కోయ బాలుడు తన పూర్వీకుల బొమ్మను చూస్తున్నాడు, తన గోత్రపు కథను వింటున్నాడు. తరువాతి కాలంలో వచ్చిన ప్రతి బొమ్మనూ ఈ కొలతతో పోల్చి చూడవలసి ఉంటుంది.

4. కీర్తన: ఎవరికి దేశీయం?

ఎగువ గోదావరిలో పడవల రాకపోకలకు అనువుగా ఆనకట్టలు, లాకులు నిర్మించే పథకంలో భాగంగా దుమ్ముగూడెం ఇంజినీర్ల స్థావరమైంది. 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకొంది. పనులను పర్యవేక్షించిన సైనిక ఇంజినీరు ఎఫ్. టి. హేగ్ చొరవతో 1860లలో అక్కడ కోయల కోసం మిషన్ మొదలైంది. చర్చి మిషనరీ సొసైటీ దాన్ని నడిపింది. జాన్ కెయిన్ అక్కడ దీర్ఘకాలం పనిచేశారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలపై ఆయన 1876 నుంచి ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో ప్రచురించిన వ్యాసాలు కోయల ఆచారాలకు తొలి ఆంగ్ల ఆధారాల్లో ముఖ్యమైనవి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన కులాలు, తెగల గ్రంథంలో కోయల భాగం కెయిన్ రచనలపై బాగా ఆధారపడింది. సువార్త భాగాలను కోయభాషలోకి తెచ్చే ప్రయత్నమూ దుమ్ముగూడెం నుంచే జరిగింది.

అయితే ఆరాధనలో ప్రధానంగా వినిపించింది తెలుగు. తెలుగు క్రైస్తవ కీర్తనకు అప్పటికే బలమైన పునాది ఉంది. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి కవులు పల్లవి, అనుపల్లవి, చరణాల చట్రంలో, రాగతాళ నిర్దేశంతో క్రీస్తు కీర్తనలు రచించారు. ఇది త్యాగరాజాదులకు, అంతకుముందు కంచర్ల గోపన్నకు పరిచితమైన చట్రమే. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి భద్రాచల రామునిపై కీర్తనలు పాడిన గోపన్న నేలలోనే, రెండు శతాబ్దాల తరువాత మరో దైవంపై అదే మాదిరి కీర్తన వినిపించింది. పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు పొదిగిన పాటలతో పాటు దేశీయ రాగాల్లోని పాటలు కూడా ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో చోటుచేసుకున్నాయి.

నది ఆవలి ఒడ్డున, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌లో ఈ ధోరణికి సంస్థాగతమైన అండ దొరికింది. తమిళ దేశానికి చెందిన వి. ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. గ్రామీణ క్రైస్తవులు తమ బాణీలను, భజన పద్ధతిని, కథాగానాన్ని విడిచిపెట్టనక్కరలేదన్నది ఆయన దృక్పథం. ఆయన కట్టించిన దోర్నకల్ కెథీడ్రల్ 1939 జనవరి 6న, క్రిస్మస్ కాలం ముగిసే ప్రత్యక్షతా దినాన ప్రతిష్ఠితమైంది. మండపస్తంభాలు, గుమ్మటాలు కలిసిన ఆ కట్టడం దేశీయతను రాతిలో చూపిన ప్రయత్నం.

ఇక్కడొక చిక్కు ఉంది. ఆంగ్ల కీర్తనతో పోల్చినప్పుడు తెలుగు కీర్తన దేశీయమే. కానీ ఎవరికి? మైదానపు రైతుకూలీ కుటుంబానికి అది తన భాష. కోయ కుటుంబానికి మాత్రం అనుపల్లవి, ఆదితాళం కూడా బయటినుంచి వచ్చినవే. రేల పాటల పల్లవికి, పెళ్ళిలో, పండుగలో వలయంగా కదిలే పాదానికి ఆ చట్రంలో చోటు లేదు. చర్చి మాత్రమే కాదు, బడి, కచేరీ, సంత, ఆలయం అన్నీ కోయలను తెలుగువైపు నడిపించాయి. ఆ నడకలో క్రిస్మస్ పాట కూడా ఒక దారి అయింది. అందువల్ల ‘దేశీయీకరణ’ అన్న మాటను ఈ సరిహద్దులో వాడేటప్పుడు దాన్ని రెండు మెట్లుగా విడదీయాలి: ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఒక మెట్టు, తెలుగు నుంచి కోయకు మరొకటి. మొదటి మెట్టును చరిత్రకారులు విస్తారంగా వర్ణించారు. రెండోది ఎక్కడం జరగలేదు.

5. గాజుపలక నుంచి కదిలే బొమ్మకు

పాట తెలుగైన కాలంలో బొమ్మ ఇంకా పరదేశిగానే ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో భారతదేశంలోని మిషన్లు మ్యాజిక్ లాంతరును విరివిగా వాడాయి. గాజుపలకపై చిత్రించిన బొమ్మ దీపకాంతితో తెల్లటి గుడ్డపై పెద్దదై కనిపించేది, పక్కన ఒకరు నిలబడి కథ చెప్పేవారు. ఆ పలకల్లోని బేత్లెహేము, యోసేపు, మరియ ఐరోపా చిత్రకారుల కల్పనలు. కథకుడి తెలుగుకూ, తెరమీది ముఖాలకూ మధ్య దూరం ఉండేది.

అదే పరికరాన్ని భారతీయులు తమ కథలకు వాడుకోవడానికి ఎంతోకాలం పట్టలేదు. బొంబాయి సమీపంలోని కల్యాణ్‌కు చెందిన మహాదేవ్ పట్వర్ధన్ 1890లలో ‘శాంబరిక్ ఖరోలికా’ పేరుతో పురాణకథలను గాజుపలకల మీద కదిలించి చూపారు. 1892 అక్టోబరులో పారిస్‌లో ఎమిల్ రేనో చేతిచిత్రాల పట్టీలతో కదిలే బొమ్మల ప్రదర్శన మొదలుపెట్టారు. సినిమా పుట్టకముందే రెండు ఖండాలలో కుటుంబ ప్రేక్షకులు గీసిన బొమ్మ కదలటం చూస్తున్నారు.

క్రీస్తు కథకూ భారతీయ చలనచిత్రానికీ ఉన్న బంధం ఇంకా దగ్గరిది. 1910–11 ప్రాంతంలో బొంబాయిలో క్రీస్తు జీవితచిత్రం చూసిన దాదాసాహెబ్ ఫాల్కేకు, ఆ తెరపై కృష్ణుణ్ణి, రాముణ్ణి ఎప్పుడు చూస్తామన్న తపన కలిగిందని ఆయనే తరువాత రాసుకున్నారు. 1913 నాటి ‘రాజా హరిశ్చంద్ర’కు బీజం అక్కడ ఉంది. ఆ దశకంలోనే అగ్గిపుల్లలను కదిలించి చిన్న యానిమేషన్ చిత్రాన్ని కూడా ఫాల్కే తీశారు. తెలుగువారిలో రఘుపతి వెంకయ్య 1910లో క్రోనోమెగాఫోన్ కొని ఊరూరా తిరిగి ధ్వనితో కూడిన చిత్రాలు చూపారు. పరాయి దేవుడి బొమ్మ చూసి ‘మన బొమ్మ ఏది?’ అని అడగటం ఫాల్కేతో మొదలైంది. మన్యం సరిహద్దులో ఆ ప్రశ్న నేటికీ పాతబడలేదు.

6. ‘కరుణామయుడు’: ముఖం తెలుగైన వేళ

1978 డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు విడుదలైన ‘కరుణామయుడు’ తెలుగు క్రైస్తవ దృశ్యసంస్కృతిలో మలుపు. దర్శకుడు ఎ. భీంసింగ్ ఆ ఏడాది జనవరిలోనే మరణించారు. చిత్రం విడుదలను ఆయన చూడలేదు. క్రీస్తు పాత్రను విజయచందర్ ధరించారు. మోదుకూరి జాన్సన్ మాటలు రాశారు. పాటలు రేడియోలో, మైకుసెట్లలో, గ్రామఫోను రికార్డుల్లో చలనచిత్రం కంటే దూరం వెళ్ళాయి. తరువాతి సంవత్సరాల్లో డేస్ప్రింగ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ బృందాలు ప్రొజెక్టర్లతో పల్లెలు తిరిగి ఈ చిత్రాన్ని పలు భారతీయ భాషల్లో ప్రదర్శించాయి.

ఈ చిత్రం విషయంలో మూడు సంగతులు గమనార్హం. మొదటిది, ముఖం. గాజుపలక మీది పరదేశి క్రీస్తు స్థానంలో తెలుగు నటుడు కనిపించాడు. అదే నటుడు 1986లో శిరిడీ సాయిబాబాగా కూడా ప్రేక్షకుల ముందుకు వచ్చాడు. తెలుగు ప్రేక్షకుడికి ఇది కొత్త కాదు. రాముడూ కృష్ణుడూ ఎన్.టి.ఆర్. ముఖంతో పరిచితులైన నేలలో దైవానికి నటుడి ముఖం సహజమే. రెండవది, చూపు. పౌరాణిక చిత్రాన్ని చూసే భక్తిచూపే ఈ తెరపైకీ ప్రసరించింది. అందుకే దీన్ని పాశ్చాత్య బైబిలు చిత్రాల శాఖగా కాక తెలుగు పౌరాణిక శాఖగా చదవటం సమంజసం. మూడవది, కూటమి. ఆరుబయట తెరకట్టి చూపే సినిమాకు టికెట్టు లేదు, కులాల వారీ ద్వారాలు లేవు. చాప తెచ్చుకున్న కుటుంబం చాప మీద, తెచ్చుకోనిది నేలమీద కూర్చునేది. పండుగ వినోదం చర్చి గోడల్ని దాటి ఊరి మధ్యకు వచ్చింది.

అయినా, రెండో మెట్టు మిగిలే ఉంది. ముఖం తెలుగైంది, మాట తెలుగైంది. గూడెంలో ఆ తెర ముందు కూర్చున్న కోయ అవ్వకు అది ఎంతవరకు తన మాట అన్న ప్రశ్నకు ఆ చిత్రం జవాబు చెప్పలేదు. అటువంటి ప్రశ్న ఒకటి ఉందని కూడా అప్పటికి ఎవరికీ తోచినట్టు లేదు.

7. యానిమేషన్: ఎవరి గొంతు?

అమెరికాలో క్రిస్మస్ కాలానికీ యానిమేషన్‌కూ ఉన్న బంధం పాతది. వాల్ట్ డిస్నీ తొలి పూర్తినిడివి చిత్రం ‘స్నో వైట్’ 1937 డిసెంబరు 21న తొలిసారి ప్రదర్శితమైంది. 1964లో ‘రుడాల్ఫ్’, 1965లో ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ టెలివిజన్‌లో వచ్చిన తరువాత, ఏటా డిసెంబరులో కుటుంబం కలిసి బొమ్మల చిత్రం చూడటం అక్కడొక ఇంటి ఆచారమైంది. 1981లో జపాన్‌లో తయారైన బైబిలు కథల యానిమేషన్ ధారావాహిక ‘సూపర్‌బుక్’ అసలు జపనీస్ పేరుకు ‘తల్లిదండ్రులు, పిల్లల యానిమేషన్ రంగస్థలం’ అని అర్థం. దాని కొత్త కంప్యూటర్ యానిమేషన్ రూపం తెలుగు గొంతుతో కూడా వచ్చింది.

తెలుగులో ఈ ధోరణికి ఇటీవలి ప్రముఖ ఉదాహరణ 2024 డిసెంబరు 20న విడుదలైన ‘ముఫాసా: ది లయన్ కింగ్’. ముఫాసాకు మహేష్ బాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు ఆలీ గాత్రదానం చేశారు. ఇందులో క్రిస్మస్ కథ లేదు. క్రిస్మస్ సెలవుల కుటుంబం మాత్రమే ఉంది. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవ యాజమాన్యపు బడులకు క్రిస్మస్ సెలవులు, మిగతావాటికి సంక్రాంతి సెలవులు ఉంటాయి. హాలీవుడ్ పండుగ పంచాంగం ఇక్కడి బడి పంచాంగంతో పాక్షికంగా కలిసి, మతంతో నిమిత్తం లేని డిసెంబరు ప్రేక్షకుణ్ణి తయారుచేస్తోంది. తెలుగు గొంతు ఇప్పుడు వ్యాపారానికి అవసరమైంది. ఒక శతాబ్దం క్రితం మిషన్ ఎక్కిన మొదటి మెట్టును నేడు మార్కెట్టు మరోసారి ఎక్కింది.

యానిమేషన్‌కు ఒక ప్రత్యేక సౌలభ్యం ఉంది. నటుడి ముఖాన్ని మార్చలేము. గీసిన సింహం ఏ భాషలో మాట్లాడినా పెదవి అతకలేదన్న వెలితి పెద్దగా తోచదు. ఆ మేరకు, బొమ్మల చిత్రానికి కొత్త భాష ఇవ్వడం నటుల చిత్రానికి ఇవ్వడం కంటే సులభం. 1965 నాటి అమెరికన్ చిత్రంలో పిల్లల పాత్రలకు పిల్లలే గొంతులిచ్చారు. ఆ తడబాటే దానికి అందమైంది. తారల గొంతు లేకుండా పండుగ బొమ్మ కుటుంబాలకు చేరదన్న వాదన అందరికీ వర్తించదని అది చూపుతుంది.

2011 జనగణన ప్రకారం కోయను మాతృభాషగా నమోదు చేసుకున్నవారు సుమారు నాలుగు లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్యాపథకంలో కోయ కూడా ఒకటి. తెలుగు లిపిలో కోయ వాచకాలు తయారయ్యాయి. అంటే లిపి ఉంది, వాచకం ఉంది, గొంతులున్నాయి, గీసిన బొమ్మకు ప్రాణం పోసే పడిగె సంప్రదాయమూ ఉంది. ఇవన్నీ ఒక తెర మీద కలవటమే మిగిలి ఉంది.

కూటమి విషయంలో మార్పు దీనికి వ్యతిరేక దిశలో సాగింది. పడిగె ముందు గోత్రం, తెర ముందు ఊరు, టెలివిజన్ ముందు కుటుంబం, చేతిఫోను ముందు ఒక్క పిల్లవాడు. ప్రేక్షకులు కుదించుకుపోయేకొద్దీ పక్కన కూర్చుని కథను తమ భాషలోకి మార్చి చెప్పే అవ్వ తాతలు తెర దగ్గర లేకుండా పోతున్నారు. వెనుకటి ప్రదర్శనల్లో పరాయి మాటకు కోయ మాట చేర్చే అవకాశం ఆ పక్కవారి వల్లనే ఉండేది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఈ సరిహద్దులో పండుగ వేళ బొమ్మనూ పాటనూ కలిపి ఆస్వాదించడం దిగుమతి అయిన అలవాటు కాదు; పడిగె, ముక్కోటి దానికి ముందే నేల సిద్ధం చేశాయి. రెండు, మార్పు వరుసగా జరిగింది: పాట కీర్తనగా ముందు తెలుగైంది, బొమ్మకు తెలుగు ముఖం 1978లో వచ్చింది, పరదేశపు యానిమేషన్‌కు తెలుగు గొంతు ఇటీవల వచ్చింది. మూడు, ఈ వరుస అంతా మైదానపు తెలుగు కోణం నుంచి చూస్తేనే విజయగాథ. కోయ కుటుంబం ఈ చరిత్ర పొడుగునా ప్రేక్షకస్థానంలోనే ఉంది. డోలి ముందు తప్ప వక్తస్థానంలో లేదు.

డిసెంబరు రాత్రి మన్యంలో ఒక పిల్లవాడు తెరమీద సింహం తెలుగులో మాట్లాడుతుంటే సంతోషంగా వింటాడు. ఆ సంతోషం నిజమైనది, దాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. అయితే అతని తాత పడిగె విప్పినప్పుడు సింహం కోయలోనే గర్జించేది. ఆ రెండు రాత్రుల మధ్య దూరాన్ని కొలవడం పండుగ వినోదాన్ని అధ్యయనం చేసేవారి ముందున్న పని.